విరోధం లేని స్వాధీనం: దయాల్‌బంద్‌లో ఒక ఇంటి దావా

"పన్నెండేళ్ళు దాటిపోయాయి కదా వకీల్‌సాబ్, ఇంక ఆ జాగా మాదే కదా?"

బిలాస్‌పూర్ సివిల్ కోర్టులో నేను పనిచేసినన్నాళ్ళూ ఈ ప్రశ్న వినని నెల లేదు. అడిగేవాళ్ళు రకరకాలు. లోకోషెడ్డు ఫిట్టర్లు, బొగ్గు గనుల గుమాస్తాలు, కూరగాయల బండ్లవాళ్ళు, ఒకసారి ఒక బడిపంతులు. అందరి ముఖాల్లోనూ ఒకటే ధీమా. పన్నెండు అనే అంకె వాళ్ళకి ఎక్కడో వినబడింది. దాని వెనకాల ఉన్నది వినబడలేదు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వేలో వ్యాగన్ల మరమ్మతు పనిలో చేరాడు. నేను ఇక్కడే పుట్టి, హిందీలో చదువుకుని, హిందీలోనే వాదించాను. అప్పట్లో మాది మధ్యప్రదేశ్. తెలుగు అక్షరాలు అమ్మ ఇంట్లో నేర్పినవే. ఇప్పుడు కొత్తగా నల్లకోటు వేసుకుంటున్న మన రైల్వే కుటుంబాల పిల్లల్లో ఈ అక్షరాలు చదవగలిగినవాళ్ళు తక్కువని తెలుసు. అయినా మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు ఈ భాషలోనే వచ్చు. చదవలేనివాళ్ళకి పెద్దవాళ్ళు చదివి పెట్టండి.

నేను గెలిచిన పెద్ద కేసుల గురించి రాయబోవడం లేదు. ఒక్క సంగతి, ప్రతికూల స్వాధీనం గురించి రాస్తాను. మన ఊళ్ళో దీన్ని నమ్ముకుని మునిగినవాళ్ళు, తేలినవాళ్ళకంటే చాలా ఎక్కువ.

పన్నెండేళ్ళు ఒక్కటే చాలవు

చట్టం చెప్పేది పైకి తేలిగ్గానే ఉంటుంది. వేరొకరి భూమిలో ఒకడు పన్నెండేళ్ళు ఉన్నాడు. ఆ పన్నెండేళ్ళలో అసలు యజమాని వచ్చి దావా వెయ్యలేదు. అప్పుడు యజమాని హక్కు చచ్చిపోతుంది. ప్రభుత్వ భూమి అయితే ముప్పై ఏళ్ళు.

కానీ ఎలా ఉన్నాడు అన్నదే అసలు సంగతి. దొంగచాటుగా కాదు, నలుగురికీ తెలిసేలా ఉండాలి. మధ్యలో వదిలేసి మళ్ళీ రాకూడదు. ఎప్పటినుంచి ఉన్నాడో చెప్పగలగాలి. భూమి ఫలానావాడిదని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటూనే "అయినా నీ హక్కు నేను లెక్కచెయ్యను, ఇది నాది" అన్నట్టు అతని ఎదటే బతకాలి. అన్నిటికంటే ముఖ్యం, అతని అనుమతితో ఉండకూడదు. అనుమతితో వందేళ్ళు ఉన్నా అది అనుమతే. ఒక్కరోజు కూడా ప్రతికూలం కాదు.

ఒక పాయింట్స్‌మన్ వచ్చాడు. పెద్ద అధికారి బంగళా వెనక గదిలో వాళ్ళ తండ్రి కాలం నుంచి ఉంటున్నారు.

"ఎవరు ఉండనిచ్చారు?" అన్నాను.

"అప్పటి సాబ్ ఉండనిచ్చాడండి. తరవాతి సాబ్‌లూ ఏమీ అనలేదు."

"మరి నీకు విరోధం ఎవరితో?"

అతను చాలాసేపు ఆలోచించాడు. "నాకెవరితోనూ విరోధం లేదండి," అన్నాడు మర్యాదగా.

అలాంటివాడికి కేసు లేదని చెప్పడం కష్టం. మంచివాడు కావడమే అతని కేసుకి అడ్డు.

దీనికి ఎదురు ఉదాహరణ ఉస్లాపూర్‌లో ఒక వెల్డర్. ఊరొదిలిపోయిన ఒక కాంట్రాక్టరు స్థలానికి కంచె కట్టి, ఇల్లు లేపి, పన్ను తన పేరున కట్టుకున్నాడు. రెండో ఏడాదే కాంట్రాక్టరు మనిషి వస్తే వీధిలో నిలబడి అరిచి పంపేశాడు. ఆ గొడవ చూసినవాళ్ళు ఇద్దరు సాక్ష్యం చెప్పారు. కాంట్రాక్టరు చాలా ఏళ్ళకి మేలుకుని దావా వేస్తే, వెల్డరు నిలబడ్డాడు. పన్ను రసీదులు పోగుచేసుకుని వచ్చే క్లయింట్లని చూసి నేను నవ్వుకునేది అందుకే. ఈ కేసుల్లో రసీదు కంటే గొడవ బలమైన సాక్ష్యం.

ఇంకొకటి. మా రోజుల్లో ఇది డాలే తప్ప కత్తి కాదనేవారు. అవతలివాడు ఖాళీ చెయ్యమని దావా వేస్తే అడ్డం పెట్టుకోవచ్చు కానీ, దీన్ని పట్టుకుని మనమే ముందుగా దావా వెయ్యకూడదని మా దగ్గర ఎక్కువమంది నమ్మకం. తరవాత ఆ అభిప్రాయం మారింది. అప్పట్లో మాత్రం మా పనంతా అవతలివాడి దావాకి కోర్టులో జవాబు రాయడంలోనే ఉండేది. ఆ జవాబులు రాయడంలో మా సీనియర్‌ని మించినవాడు లేడు.

మిశ్రాజీ

ఆయన దగ్గర నేను జూనియర్‌గా చాలాకాలం ఉన్నాను. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూ జవాబు చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. ఒకసారి చెప్పిన వాక్యం మళ్ళీ దిద్దేవారు కాదు. జూనియర్లకి పుస్తకాలు కొనిచ్చేవారు, పండక్కి ఇంటికి పిలిచి తన చేత్తో వడ్డించేవారు. గురువుగా ఆయన మీద నాకున్న గౌరవం తగ్గలేదు.

అయితే ఒక అలవాటు ఉండేది. క్లయింటుని ఎక్కువ మాట్లాడనిచ్చేవారు కాదు. "వాళ్ళకి తెలిసిన నిజం వేరు రావ్, ఫైలుకి కావలసిన నిజం వేరు. మొదటిది ఎక్కువగా వింటే రెండోది రాయలేవు," అనేవారు. చాలా కేసుల్లో ఆయన మాట పని చేసింది. ఒక్కదాంట్లో ఏమైందో చెప్తాను.

పైడమ్మ పిన్ని

ఎనభైల నడిమి మాట. దయాల్‌బంద్ నుంచి పైడమ్మ అనే ఆమె సమన్లు పట్టుకుని వచ్చింది. మా నాన్నకి ఎరిగున్న మనిషి, చిన్నప్పటి నుంచి నేను పిన్నీ అనే పిలిచేవాణ్ణి. ఆమె భర్త సింహాచలం ఇంజన్ మీద ఫైర్‌మన్. ఆ ఇంజన్ డ్రైవరు బిసాహు రామ్ అనే ఛత్తీస్‌గఢీ మనిషి. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే ఇంజన్ మీద డ్యూటీ చేశారు. సింహాచలం జ్వరంతో పోయాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, ఇద్దరు ఆడపిల్లలు. అప్పుడు బిసాహు తన ఇంటి వెనక ఉన్న ఖాళీ జాగా చూపించాడు.

ఆమె అక్కడ మొదట మట్టిగోడలతో పెంకుటిల్లు వేసుకుంది. పెళ్ళికాని తెలుగు కుర్రాళ్ళు, రైళ్ళ మీద తిరిగే రన్నింగ్ స్టాఫ్, ఆమె చేతి భోజనానికి వచ్చేవారు. అలా వండిపెట్టి పిల్లల్ని పెంచింది, రెండేళ్ళకి ఇటుక గోడలు లేపింది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు చేసింది. పన్నెండేళ్ళు దాటాక బిసాహు పోయాడు. అతని కొడుకు రామ్‌ధన్ ఖాళీ చెయ్యమన్నాడు, ఆమె కదలకపోతే దావా వేశాడు.

రామ్‌ధన్ దుర్మార్గుడు కాదు. చేస్తున్న పని పోయింది, ముగ్గురు పిల్లలు. వెనక జాగాలో రెండు గదులు కట్టి అద్దెకిచ్చుకుందామనుకున్నాడు. జాగా అతని తండ్రిది. దావాలో ఉన్నదున్నట్టు రాశాడు: "మా నాన్న దయతలచి ఉండనిచ్చాడు. నేను ఆ అనుమతి రద్దు చేస్తున్నాను."

మిశ్రాజీ ఆమెని అడిగింది రెండే ప్రశ్నలు. ఎన్నేళ్ళుగా ఉంటున్నారు? మధ్యలో ఎప్పుడైనా వెళ్ళిపోయారా?

"పదమూడేల్లు అవతాది బాబూ. ఎక్కడికీ ఎల్లనేదు. ఆ బిసాహు అన్న..."

"బస్. చాలు," అన్నారు మిశ్రాజీ, లేచి నడక మొదలుపెట్టారు.

ఆ జవాబులో ఏముందంటే, ప్రతివాది బిసాహు రామ్ హక్కుని ధిక్కరించి, ఎవరి అనుమతీ లేకుండా, పన్నెండేళ్ళకు పైగా అతని కళ్ళెదటే ఆ జాగాని ఆక్రమించి ఉంది. మా కోర్టుల హిందీలో ప్రతికూల స్వాధీనాన్ని "విరోధీ ఆధిపత్య" అంటారు. ఆ మాట మూడుసార్లు వచ్చింది. పైడమ్మ పిన్ని కింద తెలుగులో సంతకం పెట్టి, దండం పెట్టి వెళ్ళింది.

గుమ్మంలో అడిగిన మాట

కొన్ని వారాలకి ఒక ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాబూ, కోర్టులో నాను ఏటి రాయించినాను?"

చెప్పాను. వీలైనంత మెత్తగానే చెప్పాను.

"ఇరోధీ అని రాసినారా?"

"అది చట్టం మాట పిన్నీ. కోపం అని కాదు..."

"నీకు కాదు నాయనా. సుకవారోకి అదే." సుకవారో బాయి అంటే బిసాహు భార్య. "రామ్‌ధన్ ఆ కాగితం సదివి వాల్లమ్మకి ఇనిపించినాడు. పొద్దున్నే వచ్చి నా గుమ్మంలో నిలబడిపోనాది. లోపలికి రానేదు. ‘పైడమ్మా, నువ్వు మా ఆయనకి విరోధివా?’ అని ఆ ఒక్క మాటా అడిగేసి ఎల్లిపోనాది. నా పిల్లలిద్దరికీ నీల్లు పోసిన మనిసి అది. ఇప్పుడు పెరట్లో ఎదురైనా మొకం తిప్పేసుకుంటంది."

నేను ఆమెకి ఉన్నదంతా విడమర్చి చెప్పాను. ఆ మాట ఉంటేనే మనకి కేసు ఉంది. అనుమతితో వచ్చానని ఒప్పుకుంటే ప్రతికూల స్వాధీనం ఒక్క క్షణంలో పోతుంది. అది పోతే ఇల్లు పోవచ్చు.

ఆమె అంతా వింది. తరవాత అడిగింది:

"ఆయన ‘ఉండు చెల్లీ’ అన్నాడు. నాను ఉన్నాను. అంతే గదా జరిగింది?"

"అంతే."

"మరి అదే రాయి. ఇల్లు పోతే కోటా ఊల్లో మా చిన్నదాని కాడికి ఎల్లిపోతాను. సచ్చిపోయిన మనిసి అన్నం ఎట్టిన చెయ్యి, ఆ చెయ్యి ఇరిచీసి నాను ఇల్లు నిలబెట్టుకోనేను."

మర్నాడు మిశ్రాజీకి చెప్పాను. ఆయనకి కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. "కూర్చున్న కొమ్మ తనే నరుక్కుంటానంటే మనమేం చేస్తాం?" అన్నారు. తరవాత, "ఆ ఫైలు నువ్వు తీసుకో. నా పేరు తీసేయ్," అన్నారు. కక్షతో అన్నమాట కాదు. ఓడిపోతుందని తేలిపోయిన కేసులో ఆయన నిలబడేవారు కాదు, అంతే.

నిజానికి ఒక సెక్షన్

అలా మొట్టమొదటిసారి ఒక ఫైలు పూర్తిగా నా చేతికి వచ్చింది. అందులో ఏమీ మిగల్లేదు, నిజం తప్ప. కాబట్టి నిజానికి ఏదైనా చట్టం ఉందేమో వెతకడం మొదలుపెట్టాను.

ఉంది. బ్రిటిష్‌వాళ్ళ కాలం నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో, అంటే పరాయి భూమిని వాడుకునే హక్కుల చట్టంలో, అనుమతుల గురించి ఒక భాగం ఉంది. ఒకడి అనుమతితో ఉంటున్న మనిషి, ఆ అనుమతిని నమ్ముకుని, సొంత ఖర్చుతో శాశ్వతమైన కట్టడం కడితే, ఆ అనుమతి ఇచ్చినవాడు గానీ అతని వారసులు గానీ దాన్ని వెనక్కి తీసుకోలేరు. భూమి మాత్రం అతనిదే. ఉండే హక్కు ఈమెది.

నేను అది చదివి పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి చదివాను. పాత జవాబు ప్రకారం ఆమెకి అనుమతే లేదు, కాబట్టి ఈ సెక్షన్ ఆమెకి అందదు. నిజం చెబితేనే అందుతుంది.

పాత జవాబులోని ఆ భాగం తీసేసి ఇది చేర్చడానికి దరఖాస్తు పెట్టాను. అవతలి వకీలు అభ్యంతరం చెప్పాడు. కానీ అనుమతితో వచ్చిందని వాళ్ళ దావాలోనే ఉంది, ఇప్పుడు మేమూ అదే అంటున్నాం. జడ్జిగారు ఒప్పుకున్నారు. ఆ సాయంత్రమే పిన్ని సుకవారో గుమ్మంలోకి వెళ్ళి, "ఆ మాట తీయించీసినాను," అని చెప్పి వచ్చిందట.

ఇక నిరూపించవలసింది ఒకటే. అది శాశ్వతమైన కట్టడమని, ఆ అనుమతిని నమ్మే కట్టిందని. ఇటుక గోడలు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ బిసాహు "నాలుగు రోజులుండి వెళ్ళు" అన్నాడా, "ఉండు" అన్నాడా? చెప్పగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆమె అవతలి పక్షం సాక్షి.

బోనులో సుకవారో

రామ్‌ధన్ తల్లిని తీసుకొచ్చాడు. ఆమె నీలం అంచు లుగ్రా చీర కొంగు తలమీదికి లాక్కుని బోనులో నిలబడింది. వాళ్ళ వకీలు అడిగినదానికి సరిగ్గానే జవాబు చెప్పింది. జాగా మా ఆయనదే. మా ఆయనే ఉండనిచ్చాడు. అద్దె తీసుకోలేదు. పిల్లలు చిన్నవాళ్ళని ఉండనిచ్చాడు.

"అంటే, పిల్లలు పెద్దయ్యేదాకా అన్నమాట," అన్నాడు వాళ్ళ వకీలు.

ఆమె జవాబు కోసం ఆగకుండానే అతను కూర్చున్నాడు.

జవాబు తెలియని ప్రశ్న ఎదుటి సాక్షిని అడగకూడదని మాకు మొదట నేర్పే పాఠం. నాకు జవాబు తెలియదు. ఆమె నా క్లయింటుతో నెలల తరబడి మాట్లాడటంలేదు. ఆమె కొడుకు అక్కడే నిలబడి ఆమె వంకే చూస్తున్నాడు. అయినా ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఇంకెవర్ని అడుగుతాను?

"అమ్మా, పైడమ్మ ఇటుక గోడలకి పునాది తవ్వించినప్పుడు మీ ఆయన అక్కడున్నాడా?"

"ఉన్నాడు. డ్యూటీ దిగి వచ్చాడు."

"వద్దన్నాడా?"

ఆమె కొడుకు వైపు చూసింది. తరవాత పైడమ్మ పిన్ని వైపు చూసింది.

"‘గహిర్ ఖోద్ బహినీ’ అన్నాడు," అంది. లోతుగా తవ్వు చెల్లీ అని. "ఇది నల్లమట్టి, వానకి దిగిపోతుంది, మోకాలిలోతు చాలదు అన్నాడు. కూలీల చేత మళ్ళీ తవ్వించాడు. నేను వాళ్ళకి నీళ్ళిచ్చాను."

జడ్జిగారు రాయడం ఆపి, ఆ మాట మళ్ళీ చెప్పమన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది. నేను ఇంకేమీ అడగకుండా కూర్చున్నాను. నాలుగు రోజులుండి పోయేవాళ్ళకి ఎవరూ పునాది లోతుగా తవ్వించరు.

బయట వరండాలో ఒకటే బెంచీ. సుకవారో వచ్చి పిన్ని కూర్చున్న బెంచీకే ఆ చివర కూర్చుంది. కాసేపటికి పిన్ని తన సంచీలోంచి మరచెంబు తీసి ఆమె వైపు జరిపింది. ఆమె తాగింది. రామ్‌ధన్ దూరంగా సైకిల్ స్టాండు దగ్గర నిలబడి బీడీ కాల్చుకుంటున్నాడు.

తీర్పులో దావా కొట్టేశారు. భూమి రామ్‌ధన్‌దేనని, పైడమ్మని ఖాళీ చేయించే హక్కు మాత్రం లేదని రాశారు. అప్పీలు చెయ్యమని అతని వకీలు చెప్పాడట. అతను చెయ్యలేదు. మిశ్రాజీ నన్ను పిలిచి తీర్పు నకలు అడిగి తెప్పించుకున్నారు. మొదటి నుంచి చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, "ఆ ప్రశ్న నేనైతే అడిగేవాణ్ణి కాదు," అన్నారు. మెచ్చుకున్నారో మందలించారో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ అయివుంటాయి.

నా అభిప్రాయం

నిజం చెబితే గెలుస్తారని దీన్నిబట్టి అనుకోకండి. నిజం చెప్పి ఓడినవాళ్ళని బోలెడుమందిని చూశాను. ఆ సెక్షన్ లేకపోయినా, ఆ ముసలామె నోరు విప్పకపోయినా పైడమ్మ పిన్ని రోడ్డున పడేది. ఆ సంగతి తెలిసే ఆమె నిర్ణయం తీసుకుంది.

ప్రతికూల స్వాధీనం చట్టం అన్యాయమని కొందరంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. కొని వదిలేసి, ఏళ్ళ తరబడి తిరిగి చూడని యజమాని కంటే, అక్కడ చెమటోడ్చినవాడికి కాస్త ఎక్కువ హక్కు ఉండాలి. కానీ అనుమతిని, ఆక్రమణని చట్టం వేరు చేసి చూస్తుందే, అది మరీ గొప్ప విషయం. ఉండనిచ్చిన జాగా పన్నెండేళ్ళకి పోతుందంటే, ఈ లోకంలో ఎవడూ ఎవడికీ పంచన చోటివ్వడు. బిసాహు లాంటివాళ్ళ చెయ్యి కట్టెయ్యకుండా ఆ గీత కాపాడుతోంది.

మీరు జవాబు రాసేటప్పుడు ఆ గీత ఎక్కడుందో క్లయింటు నోటినుంచి పూర్తిగా వినండి. వాళ్ళు చెప్పబోయి ఆగిన వాక్యం పూర్తిచెయ్యనివ్వండి. మనం రాసే విరోధం కాగితం మీదే ఉండిపోదు. సాయంత్రానికి ఎవరో ఒకరు ఇంట్లో పైకి చదువుతారు.

మళ్ళీ ఒక కాగితం

తొంభైల చివర్లో ఒకరోజు మా ఇంటి ముందు రిక్షా ఆగింది. అందులోంచి రామ్‌ధన్ దిగి, పైడమ్మ పిన్నిని చెయ్యి పట్టుకుని దింపాడు. అప్పటికి సుకవారో పోయి రెండేళ్ళయింది. పిన్నికి చూపు మందగించింది. కోటాలో చిన్నకూతురి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటోంది. ఈ సంగతి తెలిసి ఒక స్థలాల బ్రోకరు ఆమె దగ్గరికి వచ్చాడట. తీర్పు చేతిలో ఉంది, రామ్‌ధన్‌ని లెక్కచెయ్యకుండా మాకు అప్పగించెయ్యి, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడట. ఆమె వాణ్ణి పంపేసి రామ్‌ధన్‌ని పిలిచింది.

ఇద్దరూ పోట్లాడుకుంటూనే లోపలికి వచ్చారు.

"చెప్పండి వకీల్‌సాబ్," అన్నాడు రామ్‌ధన్ హిందీలో. అతనూ ఆమెని కాకీ అని, అంటే పిన్నీ అనే, పిలిచేవాడు. "కాకీ ఇంటి తాళం నాకు ఇచ్చేస్తానంటోంది, సరే. కాగితం దేనికి? నేను ఆమెని నమ్మనా?"

పిన్ని నా వైపు తిరిగింది. "సూడు బాబూ ఈడి మాట. ఈడి నాయనకీ నాకూ నమ్మకం నేకనా మనం కోర్టుకెక్కినాం? నమ్మకం ఉన్నకాడే రాసుకోవాల. సెప్పినోడు పోతాడు, ఇన్నోడు పోతాడు. మిగిలినోల్లు కొట్టుకు సస్తారు."

నేను రాశాను. బిసాహు రామ్ అనుమతితో వచ్చి, ఆ జాగాలో ఇల్లు కట్టుకుని ఉండి, ఇప్పుడు నా ఇష్టపూర్తిగా ఆయన కొడుక్కి అప్పగిస్తున్నాను అని. తెలుగులో చదివి వినిపించాను. ఆమె తలూపి, తడుముకుంటూ సంతకం పెట్టింది.

రామ్‌ధన్ కలం అందుకుని ఆగాడు. "ఒక మాట చేర్చండి," అన్నాడు. "కాకీ బిలాస్‌పూర్ ఎప్పుడొచ్చినా ముందు గది ఆమెదే. ఎన్నాళ్ళున్నా ఎవరూ వెళ్ళమనకూడదు. నా పిల్లలు కూడా."

నేను అది ఆమెకి చెప్పాను. పిన్ని కాసేపు అతని ముఖం కనిపిస్తుందేమోనని కళ్ళు చిట్లించి చూసింది.

"ఇదేటి, మల్లీ అనుమతా?" అని నవ్వింది. "రాసీ బాబూ. ఈసారి కాగితం మీద ఉంటాది."

రాశాను.